మోటారు మార్చే ముందు, సన్‌రూఫ్‌కి సిలికాన్ పూసే ముందు

మీరు అడిగింది నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే ఇక్కడే తేలిపోతుంది. మీది రాజమండ్రి. 2012 మోడల్ పెట్రోలు సెడాన్, సన్‌రూఫ్ ఉన్నది, ఏడాది క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. డ్రైవర్ వైపు గ్లాసు దిగేటప్పుడు బాగానే దిగుతుంది, ఎక్కేటప్పుడు మాత్రం మూలుగుతూ సగంలో ఆగిపోతుంది, చేత్తో పట్టుకుని లాగితే ఎక్కుతుంది. వెనక ఎడమ తలుపు గ్లాసుకి స్విచ్ నొక్కితే ఒక్కోసారి టిక్‌మంటుంది, ఒక్కోసారి అదీ లేదు. మొన్నటి వానలకి, ముందు వరస ఎడమ సీటు దగ్గర కార్పెట్ తడిసి ముద్దయింది, రూఫ్ లైనింగ్ మూలన టీ ఒలికినట్టు మరక పడింది. మెకానిక్ చూసి రెండు మోటార్లూ మార్చాలన్నాడు, సన్‌రూఫ్ చుట్టూ సిలికాన్ పూసి ఇక తెరవకుండా మూసేద్దామన్నాడు.

రెండూ వద్దు. కనీసం ఇప్పుడే వద్దు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏడేళ్లు ఆటో ఎలక్ట్రీషియన్‌గా పనిచేశాను. అనవసరంగా మోటార్లు మార్చిన పాపం నా ఖాతాలోనూ ఉంది. మొదట్లో ఒక లాయరు గారి కారుకి గ్లాసు మెల్లగా ఎక్కుతోందని కొత్త మోటారు వేశాను. బిగించి స్విచ్ నొక్కితే అంతకుముందు ఎంత నీరసంగా ఎక్కిందో అంతే నీరసంగా ఎక్కింది. ఆయన ఏమీ అనలేదు, నన్ను చూసి ఊరుకున్నారు. తిడితే బాగుండేదనిపించింది. ఆ మోటారు డబ్బు నేనే పెట్టుకున్నాను. అసలు తప్పు మోటారుది కాదు, గ్లాసు జారే రబ్బరు చానెల్‌ది.

ముందు డ్రైవర్ గ్లాసు సంగతి చూద్దాం. తలుపు ఫ్రేములో గ్లాసుకి రెండు పక్కలా, పైనా ఒక నల్ల రబ్బరు చానెల్ ఉంటుంది. లోపలి వైపు దానికి సన్నటి నూగు ఉంటుంది, గ్లాసు ఆ నూగు మీద జారుతుంది. పదేళ్లు దాటిన కారులో ఆ నూగు అరిగిపోతుంది, మిగిలిన దాంట్లో దుమ్ము దట్టంగా కూరుకుంటుంది. మీ ఊళ్లో ఇసుక లారీల వెనక ఎన్నిసార్లు గ్లాసు దించుకుని వెళ్లి ఉంటారో ఆలోచించండి. పైగా మే నెల ఎండలో నిలబడీ నిలబడీ రబ్బరు గట్టిపడి గ్లాసుని పట్టేస్తుంది. ముందు తలుపు గ్లాసు మూడు నాలుగు కిలోలు ఉంటుంది. దిగేటప్పుడు ఆ బరువు మోటారుకి సాయం, ఎక్కేటప్పుడు అదే భారం. అందుకే దిగడం బాగుండి ఎక్కడం మాత్రమే కష్టంగా ఉంటే నా అనుమానం మొదట చానెల్ మీదికే పోతుంది. మీరు చేత్తో సాయం చేస్తే ఎక్కుతోందంటే మోటారు తిరుగుతోందనే కదా.

ఒక చిన్న పరీక్ష. రాత్రి పూట ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కారు లోపలి లైటు వేసుకోండి. గ్లాసు ఆగిపోయే చోట స్విచ్ నొక్కి పట్టుకుని లైటు వైపు చూడండి. లైటు బాగా మసకబారితే కరెంటు మోటారుకి అందుతోంది, మోటారు తోస్తోంది, గ్లాసే కదలనంటోంది. లైటులో ఏ మార్పూ లేకపోతే కరెంటు దారిలోనే ఎక్కడో ఆగిపోతోంది. పైసా ఖర్చు లేదు, ఒక్క నిమిషం పని. దీంతో సగం వెతుకులాట తగ్గుతుంది.

చానెల్ శుభ్రం చేయడం ఇలా. గ్లాసు పూర్తిగా దించండి. ప్లాస్టిక్ స్కేలుకి గానీ ఐస్‌క్రీమ్ పుల్లకి గానీ పాత బనియన్ గుడ్డ చుట్టి, షాంపూ కలిపిన నీళ్లలో ముంచి చానెల్ గాడి పొడవునా రుద్దండి. మొదటి గుడ్డ నల్లగా, రెండోది గోధుమ రంగులో వస్తుంది, నాలుగో గుడ్డకి గానీ తెల్లదనం కనపడదు. పూర్తిగా ఆరనిచ్చి, సన్న గొట్టం ఉన్న సిలికాన్ స్ప్రే గాడిలోకి కొట్టి, గ్లాసుని నాలుగైదు సార్లు దించి ఎక్కించండి. గ్లాసు మీద పడ్డ స్ప్రేని తుడిచేయండి, లేకపోతే రాత్రి ఎదుటి లైట్లు పడినప్పుడు ఏమీ కనపడదు. సిలికాన్ స్ప్రే వేరు, మీ మెకానిక్ పూస్తానన్న సిలికాన్ వేరు. మొదటిది జారుడుకి, రెండోది అతుక్కోవడానికి. షాపులో పేరు ఒకటే కాబట్టి చూసి కొనండి.

గ్రీజు, ఇంజిన్ ఆయిల్, కొబ్బరినూనె లాంటివి ఆ రబ్బరుకి పూయకండి. పెట్రోలియం నూనెలు తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, నూనె మీద దుమ్ము పేరుకుని రుద్దుడు రాయిలా తయారవుతుంది. డబ్ల్యూడీ-40 కూడా ఇక్కడ వద్దు. కొట్టిన రోజు గ్లాసు రెక్కలొచ్చినట్టు ఎక్కుతుంది, నెల తిరక్కుండా మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంకోటి. పాత కార్లలో సన్ ఫిల్మ్ ఉందేమో చూడండి. సుప్రీంకోర్టు 2012లో నల్ల ఫిల్ముల మీద ఆంక్ష పెట్టినప్పుడు చాలామంది హడావిడిగా పీకేశారు. సగం జిగురు గ్లాసు మీదే ఉండిపోయింది. కొందరి కార్లలో ఫిల్మ్ కింది అంచు లేచి మడతపడి తలుపు నడుము దగ్గర ఉండే బీడింగ్ అనే రబ్బరు పట్టీలోకి దూరుతుంది. గ్లాసు సగం దాటాక పట్టేస్తోందంటే ఆ మడత కూడా ఒక కారణం కావచ్చు. వేలితో తడిమితే తెలిసిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా గ్లాసు నీరసంగానే ఉంటే అప్పుడు డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలి తొడుగు, విప్పాలి. లోపలి హ్యాండిల్ వెనక ఒక స్క్రూ, చేయి ఆనించే చోట ఒకటో రెండో, మిగతాదంతా చుట్టూ ప్లాస్టిక్ క్లిప్పులు. ఆ క్లిప్పుల్ని ఉక్కు స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే పెయింటు పోతుంది, ప్లాస్టిక్ పట్టీ వాడండి. రెండు మూడు క్లిప్పులు ఎలాగూ విరుగుతాయి, ముందే పది తెచ్చి పెట్టుకోండి. తలుపు లోపలి రేకు అంచులు కత్తుల్లా ఉంటాయి, గ్లౌజులు తప్పనిసరి. నా ఎడమ అరచేతిలో మూడు కుట్ల గుర్తు ఇప్పటికీ ఉంది.

ప్యాడ్ తీశాక ఒక్క పరీక్షతో మోటారా, చానెలా అన్న వాదన తేలిపోతుంది. తలుపు లోపల గ్లాసుని ఎత్తి దించేదే విండో మెషిన్. గ్లాసుని దానికి పట్టి ఉంచే రెండు బోల్టులు, లేదా క్లిప్పులు, వదులు చేసి గ్లాసుని మెషిన్ నుంచి విడదీయండి. ఇప్పుడు గ్లాసుని రెండు అరచేతుల మధ్య పట్టుకుని పైకి, కిందికి జరపండి. మొరాయించకుండా జారాలి. మధ్యలో పట్టేస్తే తప్పు చానెల్‌ది. గ్లాసుని పూర్తిగా పైకి లేపి తలుపు ఫ్రేముకి రెండు వైపులా టేపుతో గట్టిగా అంటించి, ఖాళీ మెషిన్‌ని స్విచ్‌తో ఆడించండి. చురుగ్గా, ఒకే చప్పుడుతో తిరిగితే మోటారు బాగున్నట్టే. అప్పుడప్పుడు ఆగి, తలుపు మీద గుద్దితే మళ్లీ కదులుతుంటే మోటారులో బ్రష్షులు అరిగాయి. కటకటమని శబ్దం వస్తూ ఎగుడుదిగుడుగా తిరిగితే కేబుల్ పురి విడిపోయింది, లేదా కప్పీ విరిగింది. లాయరు గారి కారు తర్వాత ఈ పరీక్ష చేయకుండా నేను ఒక్క మోటారూ కొననివ్వలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. విండో మెషిన్లలో రెండు రకాలున్నాయి. ఒకటి కేబుల్ రకం, సన్నటి ఉక్కు తీగ డ్రమ్ము మీద చుట్టుకుంటూ గ్లాసుని లాగుతుంది. రెండోది కత్తెరలా ముడుచుకునే చేతుల రకం. కత్తెర రకంలో గ్లాసు బరువుని మోయడానికి గడియారం స్ప్రింగు లాంటి ఒక బలమైన స్ప్రింగు చుట్టి ఉంటుంది. దాని నుంచి మోటారుని విప్పగానే చేతులు ఒక్కసారిగా తన్నుతాయి, వేలు మధ్యలో ఉంటే వేలు మిగలదు. ముందు పళ్ల చక్రాన్ని ఫ్రేముకి బోల్టుతో కదలకుండా కట్టేసి, ఆ తర్వాతే మోటారు తీయాలి. ఈ మాట తెలియనివాళ్లు ఆ పని ముట్టుకోవద్దు.

కేబుల్ రకంలో ఎక్కువగా పోయేది ప్లాస్టిక్ కప్పీ, లేదా గ్లాసుని పట్టుకునే క్లిప్పు. పోయినప్పుడు గ్లాసు ధబ్బున తలుపులోకి పడిపోతుంది. పడబోయే ముందు చెప్పి పడుతుందనుకోండి, ఎక్కేటప్పుడు గ్లాసు ఒక మూలకి వాలడం మొదలవుతుంది. స్కూటర్ బ్రేకు తీగ వేసి చేసే రిపేర్లు చూశాను, ఊరు చేరడానికి అవి చాలు. సరిగా నిలవాలంటే మెషిన్ మొత్తం మార్చడమే. మోటారు బాగుంటే పాత మోటారునే కొత్త మెషిన్‌కి బిగించుకోవచ్చు.

వెనక ఎడమ గ్లాసుది వేరే కథ. స్విచ్ నొక్కితే ఒకసారి టిక్, ఒకసారి నిశ్శబ్దం అంటున్నారు. అలా మాటిమాటికీ మారుతోందంటే కాంటాక్టు జబ్బే ఎక్కువగా ఉంటుంది. మిగతావి చూసే ముందు డ్రైవర్ తలుపు మీద కిటికీ లాక్ బటన్ నొక్కి ఉందేమో చూడండి. నవ్వకండి. ఒకాయన ఏలూరు నుంచి కుటుంబంతో సహా వచ్చాడు, వెనక గ్లాసులు రెండూ పనిచేయడం లేదని. నేను ఆ బటన్ పైకి లేపి టీ తాగించి పంపాను. అదే బటన్ లోపల మురికి పట్టినా వెనక గ్లాసులు ఇలాగే ఆడతాయి, దాన్ని పదిసార్లు నొక్కి వదిలి చూడండి.

పాత పద్ధతి వైరింగ్‌లో వెనక తలుపు మోటారుకి వెళ్లే రెండు వైర్లూ మామూలుగా ఎర్త్‌కి కలిసి ఉంటాయి. స్విచ్ నొక్కితే అందులో ఒక వైరుకి పాజిటివ్ వస్తుంది, రెండోది ఎర్త్‌లోనే ఉంటుంది. పైకి నొక్కితే ఒకటి, కిందికి నొక్కితే రెండోది. ఆ ఎర్త్ దారి డ్రైవర్ దగ్గరి మాస్టర్ స్విచ్ గుండా వెళ్తుంది. అందువల్ల వెనక తలుపు స్విచ్ బంగారంలా ఉన్నా, ముందు మాస్టర్ స్విచ్‌లో ఒక కాంటాక్టు మాడితే వెనక గ్లాసు కదలదు. మాస్టర్ స్విచ్ డ్రైవర్ మోచేయి కింద ఉంటుంది కాబట్టి టీ, కూల్ డ్రింకు, వాన జల్లు అన్నీ ముందు దాని నెత్తినే పడతాయి. పంచదార నీళ్లు ఆరాక కాంటాక్టుల మీద వార్నిష్‌లా గట్టిపడతాయి. స్విచ్ ఊడదీసి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, ఇరవై ముప్పైసార్లు నొక్కితే చాలావరకు దారికొస్తుంది. వెనక తలుపుల స్విచ్‌లు రెండూ ఒకే పార్టు అయిన కార్లే ఎక్కువ. కుడిది తీసి ఎడమకి పెట్టి చూస్తే స్విచ్ అనుమానం రెండు నిమిషాల్లో తీరిపోతుంది.

స్విచ్‌లు బాగుంటే తలుపుకీ బాడీకీ మధ్య ఉండే ముడతల రబ్బరు గొట్టం చూడండి. వైర్లన్నీ దాని లోపలి నుంచే వెళ్తాయి. తలుపు తీసిన ప్రతిసారీ అవి వంగుతాయి, పన్నెండు పదమూడేళ్లలో ఎన్ని వేల వంపులో లెక్కేసుకోండి. పై తొడుగు బాగానే కనపడుతుంది, లోపల రాగి తెగి ఉంటుంది. తలుపు బాగా తెరిచి స్విచ్ నొక్కితే పనిచేసి, మూస్తే పనిచేయకపోతే, లేదా దానికి వ్యతిరేకంగా జరిగితే, రోగం ఇక్కడే. తెగిన చోట మెలిపెట్టి టేపు చుడితే ఆరు నెలలు కూడా ఆగదు. వంగే భాగానికి అవతలా ఇవతలా కాస్త దూరంలో కోసి, మధ్యలో మెత్తటి సన్న పోగుల వైరు వేసి, సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగండి. అతుకు మాత్రం వంపులో పడకూడదు.

మీటరు ఉంటే మోటారు ప్లగ్గు దగ్గర కొలవండి. ప్లగ్గు పెట్టే ఉంచి, వెనక నుంచి పిన్నులు ఆనించి, స్విచ్ నొక్కి పట్టుకోవాలి. ప్లగ్గు తీసేసి కొలిస్తే మాడిపోయిన కాంటాక్టు కూడా 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. భారం ఉన్నప్పుడు పదకొండున్నర పైన ఉండి మోటారు తిరగకపోతే మోటారో, జామో. ఎనిమిది తొమ్మిదికి పడిపోతే దారిలో ఎక్కడో కరెంటుకి అడ్డు ఉంది. టెస్ట్ ల్యాంప్ మాత్రమే ఉంటే అది వెలిగే కాంతిని కుడి తలుపుతో పోల్చుకోండి. ఇంకో సంగతి, ఆగిపోయిన గ్లాసుని వరసగా పదిసార్లు నొక్కితే మోటారులో వేడికి ఆగే భద్రతా బ్రేకర్ పడిపోతుంది, పది నిమిషాలు దాకా ఏ చప్పుడూ ఉండదు. మోటారు చచ్చిపోయిందని ఆ పది నిమిషాల్లోనే చాలామంది తీర్మానించేస్తారు.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం, అయితే సన్‌రూఫ్ కంటే ముందు తలుపు గురించే ఇంకో మాట చెప్పాలి. వాన పడితే తలుపు లోపలికి నీళ్లు దిగుతాయి. గ్లాసు పక్క బీడింగ్ ఎంత కొత్తదైనా కొన్ని నీళ్లు దిగాల్సిందే, అది లోపం కాదు. తయారుచేసేవాళ్లకి ఆ సంగతి తెలుసు, అందుకే తలుపు అడుగున రెండు మూడు రంధ్రాలు పెట్టారు. ఆ నీళ్లు కారులోకి రాకుండా డోర్ ప్యాడ్ వెనక ఒక ప్లాస్టిక్ షీటుని నల్ల జిగురుతో అంటించారు. గ్లాసు రిపేరు చేసేవాళ్లలో సగం మంది ఆ షీటుని చించి మూలకి పారేస్తారు. ఒకాయన గ్లాసు బాగుచేయించుకున్న నెలకే కార్పెట్ తడుస్తోందని సన్‌రూఫ్ మీద పడ్డాడు. ప్యాడ్ తీస్తే షీటే లేదు. ఎరువుల బస్తా లోపల ఉండే మందపాటి కవరు కోసి, బ్యూటైల్ టేపుతో అంటించాను, అంతే. అంటించేటప్పుడు కింది అంచు తలుపు రేకు లోపలికి వెళ్లేలా దోపాలి, అప్పుడే షీటు మీద జారిన నీళ్లు తలుపులోకి పోతాయి, మీ కార్పెట్ మీదికి రావు.

తలుపు అడుగు రంధ్రాలని కొబ్బరి ఈనెతో పొడిచి చూడండి. కింద తుప్పు పట్టకుండా కోటింగ్ వేయించిన కార్లలో ఆ కోటింగే రంధ్రాలని మూసేసి లోపల తుప్పుకి చెరువు తవ్విపెడుతుంది. తలుపు మూసేటప్పుడు బిందెలో నీళ్లలా చప్పుడైతే ఇదే సంగతి.

సన్‌రూఫ్ కూడా ఇదే ఆలోచనతో కట్టిందే. గ్లాసు చుట్టూ ఉన్న రబ్బరు నీళ్లని పూర్తిగా ఆపడానికి కాదు, ఎక్కువ భాగాన్ని ఆపి మిగతాదాన్ని కిందికి వదలడానికి. ఆ రబ్బరు కింద చుట్టూ ఒక తొట్టి ఉంటుంది. తొట్టి నాలుగు మూలల్లో చిటికెన వేలంత కూడా లేని రంధ్రాలు, వాటికి సన్న గొట్టాలు. ముందు రెండు గొట్టాలు కారు ముందు అద్దం పక్క స్తంభాల్లోంచి దిగి తలుపు కీలు దగ్గరో, ముందు చక్రం వెనకో బయటికి తెరుచుకుంటాయి. వెనక రెండూ డిక్కీ పక్కల నుంచి దిగి వెనక చక్రం దగ్గర, బంపర్ లోపల తేలతాయి. గొట్టం మూసుకుంటే తొట్టి నిండుతుంది, నిండితే అంచు దాటి లైనింగ్ మీదికి పొర్లుతుంది. మీ టీ రంగు మరక ఆ పొర్లిన నీళ్లే, రంగు ధూళిది.

మీ మెకానిక్ సలహాలో తప్పు ఇదే. పైన సిలికాన్ పూసినా మూసుకున్న గొట్టం మూసుకునే ఉంటుంది. సిలికాన్ పూత ఎండకి ఒకచోట విడిపోతుంది, అక్కడి నుంచి దిగిన నీళ్లు మళ్లీ అదే తొట్టిలో నిలుస్తాయి, మళ్లీ అదే మరక. పైగా వెనిగర్ వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, గీత పడ్డ రేకుని తుప్పు పట్టిస్తుంది. తర్వాత ఎవరైనా దాన్ని గీకి తీస్తే పెయింటు కూడా ఊడొస్తుంది. సన్‌రూఫ్ జన్మలో తెరవను అనుకునేవాళ్లకి కూడా గొట్టాలు తెరిచే ఉండాలి.

గొట్టాల్లో ఏం పడుతుందంటే, మన దగ్గర ప్రధాన నేరస్తులు చింత, తురాయి. రెండింటి ఆకులూ గోరంత కూడా ఉండవు, వాటికి సన్‌రూఫ్ సందు ఒక గుమ్మం. వేపాకు పెద్దదే గానీ వేపపూత సన్నది. కానుగ పూలు ఎండాకాలంలో రాలి బురదలో కలిసి ముద్దవుతాయి. నీడ కోసం చెట్టు కింద పెట్టిన కారుకి ఇది తప్పదు, ఎండలో పెట్టమని నేనూ చెప్పలేను.

పరీక్ష ఎలాగంటే, కారు చదునైన చోట పెట్టి సన్‌రూఫ్ పూర్తిగా తెరవండి. ముందు ఎడమ మూలలో తొట్టి రంధ్రం దగ్గర అర టీ గ్లాసు నీళ్లు మెల్లగా పోయండి. ఇంకొకరిని ముందు ఎడమ చక్రం వెనక, తలుపు కీలు కింద కూర్చోబెట్టండి. కొన్ని సెకన్లలో నీళ్లు కారాలి. తొట్టిలో నిలిచిపోతే గొట్టం మూసుకుంది. తొట్టి ఖాళీ అయినా బయటికి రాకుండా కార్పెట్ తడిస్తే గొట్టం లోపలెక్కడో ఊడింది, లేదా చీలింది. నాలుగు మూలలూ ఇలాగే చూడండి. వెనక రెండూ బాగుండి ముందువి మాత్రమే ఇబ్బంది పెడితే, ఇంటి ముందు వాలులో ముక్కు కిందికి పెట్టే అలవాటుందేమో గుర్తు చేసుకోండి, అప్పుడు నీళ్లన్నీ ముందు రెండు గొట్టాల మీదే పడతాయి.

గొట్టంలో అడ్డు తొలగించడానికి గడ్డి కోసే మిషన్లలో వాడే నైలాన్ వైరు కంటే మంచిది నేను చూడలేదు. రెండు మిల్లీమీటర్ల మందం చాలు. కొసని లైటర్‌తో కాస్త కాల్చి గుండ్రంగా చేయండి, మొనగా ఉంటే గొట్టం గోడని పొడుస్తుంది. పై నుంచి మెల్లగా తోస్తూ, తిప్పుతూ, తగిలిన చోట బలవంతం చేయకుండా ముందుకీ వెనక్కీ ఆడించండి. తర్వాత గోరువెచ్చటి షాంపూ నీళ్లు కొద్దికొద్దిగా. ఫినాయిల్, యాసిడ్ దగ్గరికి కూడా రానివ్వకండి. కింది చివర బాతు ముక్కులా మూసుకునే చిన్న రబ్బరు మూత కొన్ని కార్లలో ఉంటుంది, తరచూ బురద గడ్డకట్టేది అక్కడే. వేళ్లతో పిసికి కడగండి. కత్తిరించి పారేయమని చెప్పేవాళ్లున్నారు, నేనైతే ఉంచుతాను. లేకపోతే మట్టి గూడు కట్టే కందిరీగలకి అది తయారైన ఇల్లు.

కంప్రెసర్ గాలి మాత్రం కొట్టకండి. పంక్చర్ షాపుకి తీసుకెళ్తే వెంటనే కొట్టేస్తారు. ఆ ఒత్తిడికి గొట్టం పై చివర తొట్టి ముక్కు నుంచి ఊడిపోతుంది. నేను ఒకసారి అలా చేసి, ఊడిన గొట్టాన్ని మళ్లీ తొడగడానికి రూఫ్ లైనింగ్ మొత్తం దించాల్సి వచ్చింది. అరగంట పని రెండు రోజులైంది. లైనింగ్ దించే పరిస్థితి మీకే వస్తే, తలుపుల పైన రూఫ్ అంచులో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ (ప్రమాదంలో తెరలా విచ్చుకునే గాలి సంచి) ఉన్న కార్లలో బ్యాటరీ తీసేసి కొన్ని నిమిషాలు ఆగాకే చేయి పెట్టాలి. గొట్టాన్ని ఎయిర్‌బ్యాగ్ మీదుగా కట్టకూడదు.

గొట్టాలు బాగుపడ్డాక రబ్బరునీ, పట్టాలనీ చూసుకోండి. పాత గ్రీజు దుమ్ముతో కలిసి గసిలా ఉంటుంది, గుడ్డతో తుడిచి రబ్బరుకి పడే సిలికాన్ గ్రీజు పల్చగా పూయండి. గ్లాసు ఎత్తు కూడా ముఖ్యం. చాలా కార్లలో మూసినప్పుడు ముందు అంచు రూఫ్‌కి సమానంగా గానీ ఒక మిల్లీమీటరు దిగువన గానీ, వెనక అంచు సమానంగా గానీ ఒక మిల్లీమీటరు ఎగువన గానీ ఉండాలి. ఎవరో గ్లాసు తీసి అడ్డదిడ్డంగా బిగిస్తే తొట్టిలోకి మోతాదుకి మించి నీళ్లు దిగుతాయి.

మీ విషయంలో ఇంకొక అనుమానం ఉంచుకోవాలి. మన కార్లలో ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం ఎక్కువగా ఎడమ వైపే ఉంటుంది. అది మూసుకుంటే తడిసేదీ ఎడమ కార్పెట్టే. తేడా ఎలా పట్టాలంటే, ఏసీ నీళ్లు తేటగా చల్లగా ఉంటాయి, వాన లేని రోజు కూడా వస్తాయి. వాన నీళ్లకి మట్టి రంగు, మట్టి వాసన. జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే అది హీటర్ గొట్టం నుంచి వచ్చే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, దాన్ని అసలు ఆలస్యం చేయకూడదు. మీకు లైనింగ్ మరక ఉంది కాబట్టి సన్‌రూఫ్ దాదాపు ఖాయం, కానీ ఏసీ కూడా తోడై ఉండొచ్చు. రెండు రోజులు ఏసీ వేయకుండా తిప్పి చూడండి.

ఎక్కడి నుంచో తేలకపోతే కార్పెట్ కింద అక్కడక్కడా పాత పేపర్లు పరిచి, బయట పైపుతో కింది నుంచి పైకి పోయాలి. ముందు అద్దం కింద ఆకులు పేరుకునే గాడిలో ఐదు నిమిషాలు, తర్వాత తలుపు మీద, తర్వాత అద్దం చుట్టూ, ఆఖరున సన్‌రూఫ్. ఒక్కసారిగా పైన పోస్తే నీళ్లు అన్ని చోట్లకీ పారి ఏదీ తేలదు. లోపల ఒకరు టార్చితో కూర్చుని ఏ పేపరు ముందు తడిసిందో చూడాలి. అద్దం మార్పించిన కార్లలో అతుకు పగిలి నీళ్లొచ్చిన కేసులు నేను సన్‌రూఫ్ కేసులంత చూశాను.

వాన మధ్యలో సన్‌రూఫ్ తెరుచుకుని ఉండిపోతే కంగారు పడకండి. ముందు ఫ్యూజు చూడండి. చాలా కార్లలో పైన లైటు మూత వెనక మోటారు మధ్యలో ఎలెన్ కీ (ఆరు పలకల కడ్డీ) పట్టే రంధ్రం ఉంటుంది, చేత్తో తిప్పి మూసేయొచ్చు. ఇంకోటి, బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాక, ఒక్క నొక్కుతో మూసుకునే తలుపు గ్లాసులకి పై చివర, కింది చివర ఎక్కడో మళ్లీ నేర్పాలి. సాధారణంగా పూర్తిగా దించి స్విచ్ కొంచెంసేపు పట్టుకుని, పూర్తిగా ఎక్కించి మళ్లీ కొన్ని సెకన్లు పట్టుకుంటే సరిపోతుంది. మోడల్‌ని బట్టి కాస్త మారుతుంది, మీ బండి పుస్తకంలో ఉంటుంది. నేర్పకపోతే గ్లాసు పైదాకా వెళ్లి తనంతట తానే దిగిపోతుంటుంది, చెయ్యి అడ్డం వచ్చిందనుకుని.

చివరగా ఆ తడి కార్పెట్. పైన ఆరినట్టే ఉంటుంది, కింద రెండు వేళ్ల మందం స్పాంజి లీటర్ల కొద్దీ నీళ్లు పట్టుకుని ఉంటుంది. కొన్ని కార్లలో తలుపులు, లైట్లు నడిపే కంట్రోల్ బాక్సు ముందు కార్పెట్ దగ్గరే ఉంటుంది, దానికి తడి తగిలితే మోటార్ల ఖర్చు చిన్నదనిపిస్తుంది. బ్యాటరీ తీసి, కొన్ని నిమిషాలు ఆగి, సీటు విప్పి, సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైర్ల పసుపు ప్లగ్గులు జాగ్రత్తగా ఊడదీసి, కార్పెట్ ఎత్తి కింద ఇటుకలు పెట్టండి. నేలలో ఉన్న రబ్బరు బిరడా తీస్తే నిలిచిన నీళ్లు పోతాయి. రెండు మంచి ఎండలు తగలనివ్వండి. పసుపు ప్లగ్గులు తిరిగి పెట్టేదాకా ఇగ్నిషన్ ఆన్ చేయకండి, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది. ఎండ దొరికే ఈ వారంలోనే మొదలుపెట్టండి. ముందు గొట్టాల్లో నీళ్లు పోసి చూడండి, తర్వాత కార్పెట్, గ్లాసుల పని ఆ తర్వాత వానలో కూడా చేసుకోవచ్చు.